అంతర్వేది మొగలో బ్రెయిడ్, ఫ్లోరోకార్బన్, తంగూసు: కొన్ని సీజన్ల వాడకం తర్వాత

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోట, అన్నాచెల్లెళ్ల గట్టుకు ఎగువన గాలం వేసేవారు, నీటిలో కనబడదన్న ఒక్క గుణం కోసం లీడర్‌కు, అంటే అసలు దారానికీ ఎరకూ మధ్య కట్టే లావు దారపు ముక్కకు, పెద్ద ధర పెట్టనవసరం లేదన్నది నా గట్టి అభిప్రాయం. ఫ్లోరోకార్బన్ అనే ప్లాస్టిక్ లీడర్ దారం అమ్మేవారు మొదట చెప్పేది ఆ గుణం గురించే. దాని వక్రీభవన గుణకం సుమారు 1.42, నీటిది 1.33, నైలాన్‌ది 1.53 దాకా ఉంటుంది కనుక నైలాన్ కంటే అది తక్కువగా కనబడుతుందన్న మాట నిజమే. పూర్తిగా మాయమవుతుందన్నది మాత్రం వ్యాపారపు మాట. పైగా వరదల కాలంలో ఎర్రనీరు దిగుతున్నప్పుడు ఆ మొగలో మోచేతి దాకా చెయ్యి ముంచితే మన వేళ్లు మనకే కనబడవు. అటువంటి నీటిలో పండుగప్ప ఎరను దాని కదలికను బట్టి, అది పుట్టించే అదురును బట్టి పసిగడుతుంది. లీడర్ ఎంత స్వచ్ఛంగా ఉందో చూసుకునే తీరిక దానికి ఉంటుందని నేను అనుకోను.

బ్రెయిడ్ (సన్నని పోగులను జడలా అల్లిన అసలు దారం) విషయంలో నాకు మొదట్లో ఏ ఫిర్యాదూ లేదు. నేను వాడుతున్నది ఎనిమిది పోగుల రకం, పీఈ 2 సైజు (పీఈ అంకె దారం లావును చెబుతుంది). దాదాపు సాగదు కాబట్టి, పాటు నీరు బలంగా లాగుతున్నప్పుడు కూడా జిగ్ (బరువైన కృత్రిమ ఎర) తగిలింది ఇసుకకా, బురదకా అన్నది వేలికి తెలిసిపోతుంది. గాలం కర్ర రింగుల్లోంచి చప్పుడు లేకుండా జారుతుంది, విసురు దూరం పెరుగుతుంది. మొదటి సీజన్‌లో అడిగినవారందరికీ ఇదే కొనమని చెప్పాను. ఇప్పుడైతే, ఎక్కడ పడుతున్నారని ముందు అడిగి ఆ తర్వాతే చెబుతున్నాను.

కారణం ఒక సాయంత్రం జరిగిన సంగతి. పాటు మొదలై ఎక్కువ సేపు కాలేదు. వలలు కట్టడానికి నదిలో పాతిన గుంజల వరుస పక్కగా లూర్ (కృత్రిమ ఎర) వేసి రెండు మూడు చుట్లు తిప్పేసరికి పండుగప్ప పట్టింది. నీటి పైకి లేచి తల విదిలించినప్పుడు దాని పెద్ద నోరు స్పష్టంగా కనబడింది. మరుక్షణం అది గుంజల వైపు తిరిగింది. “గుంజకేసి పోతందండీ, లాగకండి, వదిలేయండి!” అని పడవ నడుపుతున్న ఆయన అరుస్తూనే ఉన్నాడు, అంతలో చేప గుంజకు అవతలి పక్కకు చేరిపోయింది. లీడర్ పొడవు మీటరు మాత్రమే కావడంతో గుంజకు ఒరుసుకున్నది బ్రెయిడే. ఆ గుంజల నిండా అంచులు కత్తుల్లా ఉండే ఆల్చిప్పలు పట్టి ఉంటాయి. పెద్ద జెర్క్ లేదు, రీలు మోత లేదు, డ్రాగ్ (రీలు బ్రేకు) సగం కూడా బిగించి లేదు; కర్ర ఉన్నట్టుండి తేలికైపోయింది. చుట్టి చూస్తే బ్రెయిడ్ కొస జానెడు మేర నూగు లేచి, పోగులు వేటికవి విడిపోయి ఉన్నాయి. డబ్బా మీద రాసి ఉన్న 30 పౌండ్ల బలం తిన్నగా లాగినప్పటి లెక్క. బిగుతుగా ఉన్న బ్రెయిడ్ గరుకైన అంచుకు ఒరిస్తే వెంట్రుక కంటే సన్నని పోగులు ఒకదాని వెంట ఒకటి తెగిపోతాయి, దానికి పెద్ద బరువేమీ అక్కరలేదు. ఎనిమిది పోగుల్లో ఒక్కొక్కటీ మరింత సన్నన కాబట్టి, నేను అంతకాలం మెచ్చుకున్న ఆ నునుపే అక్కడ నన్ను ముంచింది.

ఆ తర్వాత లీడర్‌ను రెండు బారలకు పెంచి, ఫ్లోరోకార్బన్ స్థానంలో 60 పౌండ్ల మామూలు తంగూసు, అంటే ఒంటి పోగు నైలాన్ దారం, కట్టాను. నేను కొన్న ఫ్లోరోకార్బన్ ధరలో నాలుగో వంతు కూడా కాలేదు. అదే గుంజల దగ్గర మరోసారి పండుగప్ప అదే పని చేసింది, ఈసారి మాత్రం పడవలోకి వచ్చింది. ఆరు కిలోలకు కాస్త తక్కువ తూగింది. లీడర్ మీద గోరు పెట్టి జార్చి చూస్తే నోటి దగ్గర జానెడు మేర గరగరలాడింది, అది చేప దవడల గరుకు. ఇంకా పైన, గుంజకు ఒరుసుకున్న చోట, తెల్లగా చెక్కు లేచి మందంలో మూడో వంతు పోయింది. ఒకే కడ్డీలాంటిది కనుక పైపొర పోయినా లోపల మిగిలినది బరువు మోసింది. బ్రెయిడ్‌కు ఆ వెసులుబాటు లేదు.

తంగూసుతో ఊహించని లాభం మరొకటి కలిగింది. బ్రెయిడ్‌ను లీడర్‌కు కలిపే ఎఫ్‌జీ ముడిలో బ్రెయిడ్ చుట్లు మెత్తని నైలాన్‌లోకి దిగి కరుచుకుంటాయి. లావు ఫ్లోరోకార్బన్ మీద అదే ముడి, తడిపి ఎంత బిగించినా, ఊగే పడవలో కట్టినప్పుడు అప్పుడప్పుడు జారేది. పైన తేలే లూర్లకు కూడా నైలానే నయం, ఎందుకంటే ఫ్లోరోకార్బన్ సాంద్రత 1.78 దాకా ఉండి లూర్ ముక్కును కిందికి గుంజుతుంది.

అయితే తంగూసు నీటిని పీలుస్తుంది, నానితే బలం కొంత తగ్గుతుంది. ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది. అందుకే ప్రతి సీజన్‌కు కొత్త చుట్ట కొంటాను, దాని ధరకు అది భారం కాదు. రెండు బారల లీడర్ ఉన్నప్పుడు ముడి రీలులోకి వెళ్లి విసిరేటప్పుడు రింగులకు టక్కున తగులుతుంది. గట్టు మీద నిలబడి దూరం విసిరేవారికి ఇది చికాకే.

మొగ దాటి వంజరం కోసం వెళ్లేవారికి ఈ చర్చ అంతగా పనికిరాదు. ఆ పళ్లకు నైలానూ ఫ్లోరోకార్బనూ రెండూ ఒకటే, జానెడు స్టీలు తీగ ఉండాల్సిందే. సంక్రాంతి దాటాక పోటు వేళ సముద్రపు నీరు లోపలికి వచ్చి మొగ తేటపడినప్పుడు, గుంజలకు దూరంగా చిన్న లూర్లు వేస్తే, నేను కూడా మిగిలి ఉన్న ఫ్లోరోకార్బన్‌నే కడతాను; ఆ రోజుల్లో దానికి నాలుగు తగులు ఎక్కువ వస్తాయనిపిస్తుంది, గట్టిగా మాత్రం చెప్పలేను. నేను పడవ మీద నుంచి, దగ్గర దూరాల్లో, ఎక్కువగా బురద నీటిలో పట్టేవాణ్ని. కాకినాడ వైపు లోతు నీటిలో జిగ్గింగ్ చేసేవారి లెక్కలు వేరుగా ఉండవచ్చు.

ఎనిమిది పోగుల బ్రెయిడ్‌ను ఇంకా పారేయలేదు. అడుగున కొంత పాత తంగూసు చుట్టి, దాని మీద అరిగిన కొస లోపలికి పోయేలా తిరగేసి వేశాను, లేకపోతే ఆ నునుపుకు బ్రెయిడ్ మొత్తం స్పూలు మీద గిర్రున జారుతుంది. అది అయిపోయాక గుంజల దగ్గరకు నాలుగు పోగులది కొనాలని ఉంది.