సలుపా, పోటా, మంటా? పాలియేటివ్ కేర్‌తో మా రెండున్నరేళ్లు

పాలియేటివ్ కేర్ అంటే పెద్ద జబ్బుతో ఉన్న మనిషికి నొప్పినీ బాధనీ తగ్గించే వైద్యం, అది ఆఖరి రోజులకి మాత్రమే కాదు. అమ్మకి రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకి పాకి రెండున్నరేళ్లయింది. అప్పట్నుంచీ ఈ వైద్యం మా ఇంట్లో నడుస్తూనే ఉంది. నేను చెప్పాలనుకున్నది అందులో ఒక్క సంగతి గురించే: వీళ్లు నొప్పిని అడిగే తీరు.

అంతకుముందు ఎక్కడికెళ్లినా ఒకటే ప్రశ్న. "సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత?" అమ్మ నా మొహం చూసేది. నేనే ఏదో ఒక అంకె చెప్పేదాన్ని. ఆరు అంటే ఒక మాత్ర, ఎనిమిది అంటే ఇంకో మాత్ర. అమ్మ మాత్రం రాత్రంతా గోడ పట్టుకుని కూర్చునేది.

ఇంటికొచ్చిన పాలియేటివ్ నర్సు మొదటిరోజు అంకె అడగలేదు. మంచం అంచున కూర్చుని, "ఎట్లా ఉంటుందమ్మా? సలుపా, పోటా, మంటా?" అంది. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆపకుండా చెప్పుకుపోయింది. నడుములో సలుపు, రాత్రీ పగలూ ఒకటే. పక్కకి ఒత్తిగిలితే కలుక్కుమంటుంది. కుడి తొడ మీంచి పిక్క దాకా మంట, ఉండుండి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది, అక్కడ దుప్పటి తగిలినా ఓర్చుకోలేను. నర్సు ఒక్కో మాటా అమ్మ అన్నది అన్నట్టే నోట్‌బుక్‌లో రాసుకుంది. ఆరు నెలలుగా నేను "నొప్పి" అంటూ వచ్చింది నిజానికి మూడు నొప్పులని నాకు ఆరోజే తెలిసింది.

మందులు కూడా ఆ మాటల్ని బట్టే వచ్చాయి. సలుపు ఎముకది. దానికి నోటితో తీసుకునే మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందు, 4 గంటలకోసారి, నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి. దాంతోపాటు వెన్నుకి ఒకే విడత రేడియేషన్, 8 గ్రే (రేడియేషన్ మోతాదుకి కొలత). దాని ఫలితం తెలియడానికి మూడు వారాలు పట్టింది. కలుక్కుమనేది కదిలినప్పుడు మాత్రమే వస్తుంది కాబట్టి స్నానానికి అరగంట ముందు ఒక అదనపు డోసు. రోజు మొత్తం మార్ఫిన్‌లో ఆరోవంతు అన్నారు. అమ్మకి 4 గంటలకి 10 మి.గ్రా., రోజుకి 60, అంటే అదనపు డోసు కూడా 10. ఇది అమ్మకి వేసిన లెక్క, ఎవరి లెక్క వాళ్ల డాక్టరే వెయ్యాలి. మంట నరానిది. దానికి మార్ఫిన్ ఒక్కటే చాలదని రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మి.గ్రా. రాశారు. అది డిప్రెషన్ మందని చదివి నేను గొడవ పెట్టుకున్నాను. నరాల నొప్పికి తక్కువ మోతాదులో దీన్నే వాడతారని నర్సు ఓపిగ్గా చెప్పింది. నోరు ఎండిపోతోందని అమ్మ విసుక్కునేది గానీ, రెండు వారాలకి దుప్పటి కప్పుకుని పడుకుంది.

నాలుగో వారంలో ఒక పొద్దున అమ్మ లేచి కూర్చుని, పెరిగీ పెరగని జుట్టుని తనే దువ్వుకుంది. వెనక చిక్కు దగ్గర చెయ్యి అలిసిపోతే దువ్వెన నా చేతికిచ్చింది.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బుతో ఉన్నవాళ్లని చూసుకునే చోటు) మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ నర్సుగా, సోషల్ వర్కర్‌గా పనిచేసి ఆ తర్వాత డాక్టరైన మనిషి. రోగులు చెప్పేది విని విని, నొప్పి ఒంటిది మాత్రమే కాదు, మనసుదీ, అయినవాళ్లదీ, నమ్మకాలదీ కలిసి ఉంటుందని ఆవిడ అన్నారు. ఇది మా ఇంట్లో ఎదురయ్యేదాకా నాకు ఎక్కలేదు. అమ్మ రాత్రిళ్లు మూడేసి అదనపు డోసులు అడుగుతోంటే డాక్టరు మోతాదు పెంచేముందు, రాత్రే ఎందుకు ఎక్కువవుతోందని అడిగారు. "మీ నాన్నకి చెవుడు. నేను పిలిచినా లేవరు" అంది అమ్మ, నా వైపు తిరిగి. ఆ రాత్రి నుంచి నా పక్క అమ్మ గదిలోకి మారింది. మూడు డోసులు ఒకటయ్యాయి.

ఇక దెబ్బతిన్న సంగతి.

మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా మొదలుపెట్టారు. మార్ఫిన్ వల్ల వచ్చే మత్తు, వికారం కొన్ని రోజులకి తగ్గుతాయి, మలబద్ధకం తగ్గదు, ఈ మందు ఆపొద్దు అని గట్టిగా చెప్పారు. ఎనిమిదో నెలలో అమ్మకి రెండు రోజులు నీళ్లలా అయింది. విరేచనాలనుకుని నేను ఆ మందు ఆపేశాను. ఎవర్నీ అడగలేదు. మూడో రాత్రి అమ్మ కడుపు పట్టుకుని "మెలిపెడుతోందే" అంది. పాలియేటివ్ వాళ్లు రాత్రిళ్లు పిలవమని ఇచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. ఎత్తింది కొత్త మనిషి. "పదిలో ఎంత?" అన్నారు. "ఎనిమిది" అన్నాను. అదనపు డోసు ఇమ్మన్నారు, గంటకి తగ్గకపోతే ఇంకోటి. రెండూ ఇచ్చాను. తెల్లారేసరికి పొట్ట బిగుసుకుపోయింది, వాంతులు.

పొద్దున మా నర్సు వచ్చి, "అమ్మ ఏమంటోంది?" అంది. మెలిపెడుతోంది అంటోందని చెప్పగానే పొట్ట తడిమి, గ్లవ్స్ వేసుకుని చూసింది. పేగులో మలం రాయిలా గట్టిపడి, దాని పక్కనుంచి నీరు కారుతోంది. నేను విరేచనాలనుకున్నది అదే. మార్ఫిన్ పేగుల కదలికని ఇంకా తగ్గిస్తుంది కాబట్టి ఆ రెండు డోసులూ మేలు చెయ్యకపోగా బిగింపు పెంచాయి. ఎనీమాలతో దారికి రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు అమ్మ పడ్డ సిగ్గు నొప్పి కంటే పెద్దది. ఆ తర్వాత వారం పాటు మార్ఫిన్ ముట్టనంది. సలుపు మళ్లీ మొదటికొచ్చింది.

మందు ఆపింది నేను, ఆ తప్పు నాదే. కానీ "దొడ్డికి ఎప్పుడెళ్లింది?" అన్న ఒక్క ప్రశ్న ఆ ఫోన్‌లో ఎవరూ అడగలేదు. నాకైతే ఆ కోపం ఇంకా పోలేదు. మెలిపెట్టడం అన్న మాట నర్సు నోట్‌బుక్‌లో అంతకుముందెప్పుడూ లేదు. ఆ మాటని నేనే ఎనిమిదిగా మార్చి చెప్పాను.

పైన అంత మెచ్చుకున్నది సగం ఆ ఒక్క నర్సు చలవ అని కూడా ఒప్పుకోవాలి. ఆమె రెండు నెలలు సెలవులో ఉన్నప్పుడు వచ్చినావిడ ఫారంలో టిక్కులు పెట్టుకుని వెళ్లేది. మంట కూడా పూర్తిగా పోలేదు, సగానికి తగ్గింది, అంతే. ప్రీగాబాలిన్ అనే ఇంకో నరాల నొప్పి మందు కలిపి చూస్తే తల తిరుగుతోందని ఆపేశారు. అంకెలు దండగ అని కూడా అనను. ఒకే నొప్పి నిన్నటికీ ఇవాళ్టికీ పెరిగిందా తగ్గిందా చూడ్డానికి అవి బాగానే పనికొస్తాయి.

ఇంకా, మాకు కలిసొచ్చినవి అందరికీ కలిసిరావు. నేను ఇంటినుంచే పని చేస్తాను. అమ్మ కిడ్నీలు బాగున్నాయి, లేకపోతే మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుపోతాయి, మందే మార్చాల్సి వస్తుంది. క్యాన్సర్ కాని దీర్ఘకాలపు నొప్పికి మార్ఫిన్ జాతి మందులు డాక్టర్లు చాలా ఆచితూచి ఇస్తారు, మా అనుభవం అక్కడికి అతకదు. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ మాటకారి. నొప్పిని పంటి బిగువున దాచుకునే మనిషికి ఈ అడిగే తీరు ఎంత పనికొస్తుందో నేను చెప్పలేను. మాకు మాత్రం పనికొచ్చింది.

పోయిన నెల ఒక రాత్రి అమ్మ, "రెండు కాళ్లూ జివజివ లాగుతున్నాయే" అంది. కొత్త మాట. వెన్నులో క్యాన్సర్ ఉన్నవాళ్లకి రెండు కాళ్లలో కొత్తగా ఏది మొదలైనా తెల్లారేదాకా ఆగొద్దని మొదటే చెప్పి ఉంచారు. అదే రాత్రి నంబరుకి ఫోన్ చేసి, అమ్మ అన్నమాట అన్నట్టే చెప్పాను. అవతల ఈసారి అంకె అడగలేదు. "నడుస్తోందా? కాళ్లు మొద్దుబారాయా? మూత్రం మామూలుగా వస్తోందా?" అన్నారు. తెల్లవారుజామునే స్కాన్ తీశారు. ఒక పూస దగ్గర వెన్నుపాము నొక్కుకోవడం మొదలైందన్నారు. వెంటనే వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ ఇచ్చి, మర్నాడు రేడియేషన్ పెట్టారు. అమ్మ ఇప్పటికీ వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా తనే నడుస్తోంది.