ఓఎం-1 కొనేవాళ్ళు జాగ్రత్త: లెన్స్ తియ్యనివ్వకపోతే లేచి వచ్చెయ్యండి

బెజవాడలో మేడ మీద ఇరుకు గదిలో పాత ఫిల్మ్ కెమెరాలు అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. గుంటూరు నుంచి పోయిన నెల వెళ్ళి 16 వేలు పోసి ఒలింపస్ ఓఎం-1 తెచ్చుకున్నాను. నిన్న ఫోటోలు చేతికొచ్చాయి. ఇంకా కడుపు మండుతూనే ఉంది.

ఆ రోజు నికాన్ ఎఫ్ఎం2నీ దీన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు. రెండింటికీ 50 ఎంఎం లెన్సే. ఎఫ్ఎం2 ఫైండర్లో, అంటే కన్ను పెట్టి చూసే చోట, బొమ్మ అసలు సైజుకి 0.86 రెట్లు, ఫ్రేములో 93 శాతమే కనిపిస్తుంది. ఓఎం-1ది 0.92 రెట్లు, 97 శాతం. కన్ను పెట్టగానే కిటికీ తలుపులు బార్లా తీసినట్టు అనిపించింది. "ఒరిజినల్ 1-13 స్క్రీన్ సార్" అన్నాడు. స్క్రీన్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే చిన్న పలక, దాని మీదే ఫోకస్ చూసుకుంటాం. నడుమ స్ప్లిట్ (ఫోకస్ కుదిరేదాకా బొమ్మ రెండు ముక్కలుగా కనిపించే చోటు), చుట్టూ మైక్రోప్రిజమ్ (ఫోకస్ కుదిరేదాకా బొమ్మ మెరమెరలాడే పట్టీ). ఎదురుగా కుర్రాడి చొక్కా గుండీ మీద పెట్టి తిప్పితే రెండు ముక్కలూ చక్కగా కలిశాయి. లెన్స్ తీసి స్క్రీన్ చూద్దామని చెయ్యి వేశాను. "దుమ్ము పడుద్ది సార్, తియ్యొద్దు" అని కెమెరా నా చేతిలోంచి లాగేసుకున్నాడు. అక్కడే అనుమానం రావాలి నాకు. ఫైండర్ మోజులో పడి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను. తప్పు నాదే.

మా అక్క మనవరాలి అన్నప్రాశన మొత్తం 36 ఫ్రేములూ దాంతోనే తీశాను. పసిదాని కళ్ళ మీదే స్ప్లిట్ కలిపాను. ఫోటోలో పిల్ల మొహం మసక. వెనక గోడ మీది క్యాలెండర్లో మాత్రం తిథి, నక్షత్రం కూడా చదువుకోవచ్చు.

ఇవాళ పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి గోపురం అంచుకి ఫోకస్ పెట్టాను. రింగు ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరపు గుర్తు) దాకా తిప్పినా రెండు ముక్కలూ కలవలేదు. తెలిసిన మెకానిక్ లెన్స్ తీసి పట్టకారుతో స్క్రీన్ బయటికి లాగాడు. వేరే కెమెరాది. అంచులు ఆకురాయితో అరగదీసి, ఓ మూల జిగురు చుక్క పెట్టి అతికించారు. దాంతో స్క్రీన్ కాస్త కిందికి దిగి అద్దానికి దగ్గరైంది. మౌంటు (లెన్స్ బిగించే చోటు) నుంచి ఫిల్ముకి ఎంత దూరమో అద్దం మీదుగా స్క్రీనుకీ అంతే ఉండాలి. అది తప్పితే కంటికి కుదిరిన ఫోకస్ ఫిల్ము మీద కుదరదు.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "చూసుకునే కదా సార్ కొన్నారు! నెల వాడుకుని ఇప్పుడు స్క్రీన్ మార్చి తెచ్చారేమో, నాకేం తెలుసు?" నేను మార్చానట! చూస్తానంటే చూడనివ్వకుండా చేతిలోంచి లాక్కున్నది ఆయన. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆ మాట మాత్రం నేను మర్చిపోలేను.

ఎవరి దగ్గర కొన్నా లెన్స్ మీరే తియ్యండి. స్క్రీన్ అంచులు టార్చి వేసి చూడండి. బయటికొచ్చి దూరంగా ఉన్న స్తంభమో గోపురమో చూసి ఇన్ఫినిటీ దగ్గర స్ప్లిట్ కలుస్తుందో లేదో చూడండి. గదిలో రెండడుగుల దూరంలో చూస్తే ఈ తేడా దొరకదు. ఆయన బీరువాలో ఇంకో నల్ల ఓఎం-1 కూడా ఉంది, నేను వెళ్ళినప్పుడే చూశాను.