రాత్రి సీన్లకు సోనీ ఎఫ్‌ఎక్స్3 కెమెరానా, కొడాక్ 500టీ ఫిల్మా? రెండూ వాడి చూశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా. వరంగల్, హనుమకొండ వైపు సినిమా తీస్తూ రాత్రి సీన్లు ఎక్కువ పెట్టుకున్నవాళ్లు డిజిటల్‌కే వెళ్లండి, అందులోనూ సోనీ ఎఫ్‌ఎక్స్3 అద్దెకు తెచ్చుకోండి. ఫిల్మ్ అంటే నాకు ప్రాణం, అయినా ఈ మాటే చెప్తా. "ఫిల్మ్ లుక్కే వేరు కదన్నా" అని అడిగే తమ్ముళ్లు ప్రతి షూటింగ్‌లో ఒకరైనా ఉంటారు, వాళ్లకోసమే కొంచెం వివరంగా రాస్తున్నా.

నేను పోల్చి చూసింది సద్దుల బతుకమ్మ రాత్రి, హనుమకొండ పద్మాక్షి గుట్ట కింద చెరువు దగ్గర. ఒక చేతిలో ఎఫ్‌ఎక్స్3, ఇంకోవైపు దోస్తు దగ్గరున్న పాత బోలెక్స్ 16 ఎంఎం కెమెరా, అందులో కొడాక్ విజన్3 500టీ రీలు. తక్కువ వెలుగులో తీయడానికి కొడాక్ అమ్మే కలర్ సినిమా నెగటివ్‌లలో అన్నిటికన్నా వేగంగా పనిచేసేది ఇదే, 2007 నుంచీ ఉంది. పేరులో 500 అంటే దాని స్పీడు, అంటే వెలుగుని పట్టే సత్తా, టీ అంటే టంగ్‌స్టన్, అంటే 3200 కెల్విన్ పసుపు వెలుగుకు సరిపోయేలా చేసింది. పగటి వెలుగుకు నారింజ రంగు 85 ఫిల్టర్ పెడితే ఆ 500 కాస్తా 320 అయిపోతుంది. ఇప్పుడు మన వీధుల్లో సోడియం లైట్లు పోయి తెల్ల ఎల్ఈడీలు వచ్చాయి. ఫిల్టర్ పెడితే చీకటి, పెట్టకపోతే మొహాలు నీలం. ఫిల్మ్‌తో మొదటి తలనొప్పి అక్కడే మొదలవుతుంది.

ఎఫ్‌ఎక్స్3కి ఎస్‌లాగ్3లో (తర్వాత రంగులు దిద్దుకోవడానికి బొమ్మని చప్పగా రికార్డ్ చేసే మోడ్) రెండు బేస్ ఐఎస్ఓలు, అంటే సెన్సార్ బాగా పనిచేసే రెండు స్పీడులు ఉంటాయి, 800 ఒకటి, 12800 ఇంకొకటి. రెండోదానికి మార్చగానే సెన్సార్ సిగ్నల్‌ని పెంచే దారే మారిపోతుంది, అందుకే 800 మీదే ఉండి 10000 దాకా లాగితే వచ్చే నాయిస్ కన్నా నేరుగా 12800 పెడితే బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఇప్పుడు 500కీ 12800కీ తేడా లెక్కేయండి, నాలుగున్నర స్టాప్‌ల పైమాటే (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం). అంటే ఫిల్మ్‌కి కావాల్సిన వెలుగులో పాతికో వంతు చాలు. ఇది కాగితం మీద లెక్క కాదు, లొకేషన్‌లో మొత్తం పనినే మార్చేస్తుంది. ఫిల్మ్ మీద లెన్స్ ఎఫ్ 1.4 దగ్గర పూర్తిగా తెరిస్తే తప్ప పడని షాట్, ఇక్కడ ఎఫ్ 5.6 దాటి మూసినా పడుతుంది. బతుకమ్మ చుట్టూ ఆడవాళ్లు తిరుగుతూనే ఉంటారు, ఒక్క అడుగు ముందుకు పడితే 1.4 దగ్గర కళ్లు షార్ప్, చెవులు బ్లర్, మరుక్షణం కళ్లూ పోతాయి. ఫోకస్ పుల్లర్, అంటే ఫోకస్ సరిచేస్తూ ఉండే మనిషి, లేని చిన్న యూనిట్‌కి ఎఫ్ 5.6 అనేది వరం. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సార్ కాబట్టి అక్కడ కూడా వెనక దీపాలు చాలినంత మెత్తగానే కనిపిస్తాయి.

ఇంకో సంగతి. ఫిల్మ్ కోసమని చిన్న ప్యానెల్ లైటు వేశాం. రెండు చుట్లు తిరిగారో లేదో ఒక పెద్దమ్మ మా దగ్గరికొచ్చి, "గా లైటు బంద్ జెయ్యి బిడ్డా, కండ్లల్ల కొడతాంది" అంది. ఆమె చెప్పింది న్యాయం. పండుగ వాళ్లది, దీపాలు పెట్టుకున్నది వాళ్లు. లైటు ఆపగానే పాట మళ్లీ ఊపందుకుంది, మా బోలెక్స్‌కి మాత్రం పని లేకుండా పోయింది. దాని వ్యూఫైండర్ ప్రిజం కూడా కొంత వెలుగు మింగేస్తుంది మరి. ఎఫ్‌ఎక్స్3 ఆ దీపాలతోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, చీర మడతలు కూడా తెలిసేలా తీసింది. నా దృష్టిలో ఈ కెమెరాకి అసలు మార్కులు ఇక్కడే.

మరి ఫిల్మ్ ఎక్కడ గెలిచిందంటారా? దీపం దగ్గర. బతుకమ్మ మీద గౌరమ్మ పక్కన పెట్టిన ఒక్క ప్రమిదను దగ్గరగా తీసిన షాట్ ఉంది. ఫిల్మ్‌లో ఆ మంట అంచున నారింజ, లోపలికి పోయేకొద్దీ పసుపు, మధ్యలో తెలుపు, ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ కలిసిందో గీత కనపడదు. పక్కన తంగేడు పువ్వు మీద పడిన వెలుగు కూడా బంగారంలా నిలబడింది. అదే షాట్ డిజిటల్‌లో మంట మధ్యలో తెల్ల మచ్చ, దాని చుట్టూ గబుక్కున పసుపు. ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మంట బాగుపడింది కానీ మొహాలు చీకట్లోకి పోయాయి. నీలం రంగు సీరియల్ లైట్లు ఫ్రేమ్‌లో ఉంటే ఇంకా కష్టం, డిజిటల్ సెన్సార్‌లు ముదురు నీలం ఎల్ఈడీని చూస్తే వివరమే లేని ముద్దగా మార్చేస్తుంటాయి. ఫిల్మ్ ఎక్కువ వెలుగుని ఓర్చుకుంటుంది, తక్కువ వెలుగుని ఓర్చుకోదు. డిజిటల్‌ది తిరగేసిన గుణం. రాత్రి సీన్‌లో మనకు రెండూ ఒకే ఫ్రేమ్‌లో ఉంటాయి కాబట్టే ఈ గొడవంతా.

నీడల్లోకి వస్తే 500టీ మట్టిరంగుకి తిరిగి గ్రెయిన్ (ఇసుక రవ్వల్లాంటి చుక్కలు) లేచిపోతుంది. ల్యాబ్‌లో ఒక స్టాప్ పుష్, అంటే ఇంకాస్త ఎక్కువసేపు కడిగించి బొమ్మని వెలుగులోకి తేవడం, చేయించొచ్చు, కానీ అప్పుడు కాంట్రాస్ట్ పెరుగుతుంది, 16 ఎంఎంలో ఫ్రేమ్ చిన్నది కాబట్టి గ్రెయిన్ ఇంకా పెద్దగా కనపడుతుంది. కొన్ని కథలకు అది అందమే. ఖర్చు సంగతి ఇక వేరే చెప్పాలా? 100 అడుగుల 16 ఎంఎం రీలు 24 ఫ్రేములకు 2 నిమిషాల 46 సెకన్లే వస్తుంది, మన దగ్గర కడిగే ల్యాబ్ లేదు, కొరియర్‌లో పంపి, స్కాన్ అయి వచ్చేదాకా ఏం పడిందో తెలియదు. ఆ టెన్షన్ ఒకసారి అనుభవించి నేర్చుకోవడం మంచిదే, కానీ డబ్బులు పోగేసి తీసే మొదటి సినిమా మీద మాత్రం వద్దు.

ఎఫ్‌ఎక్స్3లో నాకు నచ్చనివీ ఉన్నాయి. లోపల ఎన్‌డీ ఫిల్టర్, అంటే రంగు మార్చకుండా వెలుగు తగ్గించే ఫిల్టర్, లేదు. 12800లో ఉండగా చౌరస్తాలో షాపుల బోర్డులు ఫ్రేమ్‌లోకి వస్తే రాత్రి పూట కూడా ఎన్‌డీ కావాల్సి వస్తుంది, లెన్స్ ముందు తిప్పుకుంటూ కూర్చోవాలి. వ్యూఫైండర్ లేదు, స్క్రీన్ చిన్నది, బయట మానిటర్ తప్పదు. అయినా బరువు బ్యాటరీతో కలిపి ముప్పావు కిలో లోపే, హాలీవుడ్‌లో 2023లో వచ్చిన 'ది క్రియేటర్' అంత పెద్ద సినిమానే దీంతో తీశారు, కాబట్టి కెమెరా చిన్నదని చిన్నచూపు చూసేవాళ్ల మాట పట్టించుకోకండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. 12800 ఉంది కదా అని లైటింగ్ మానేయకండి. ఈ కెమెరా ఊరికే వదిలేస్తే రాత్రి ఎనిమిదిని సాయంత్రం ఆరు చేసేస్తుంది, ఆకాశం బూడిద రంగు, గోడలన్నీ ఒకేలా, కథలో భయం లేదు, దిగులు లేదు. ఎక్స్‌పోజర్ సరిగ్గా ఇచ్చి తీసి, గ్రేడింగ్‌లో, అంటే తర్వాత రంగులు దిద్దేటప్పుడు, వెలుగుని కిందికి దించండి, మొహానికి ఒక పక్క నుంచే వెలుగు ఉంచండి. ఫిల్మ్ వాడిన కెమెరామెన్‌లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు, వెలుగు తక్కువ కాబట్టి ఎక్కడ పెట్టాలో వాళ్లు ఆలోచించి పెట్టేవాళ్లు.

అద్దెకు తెచ్చేటప్పుడు బాడీ కన్నా లెన్స్ మీద రెండు రూపాయలు ఎక్కువ పెట్టండి, స్పేర్ బ్యాటరీలు అడిగి తీసుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ 1/50 పెట్టండి, లేదంటే ట్యూబ్ లైట్లు ఫ్రేమ్‌లో మినుకుమంటాయి. సీరియల్ లైట్లు అప్పటికీ మాట వినకపోతే 1/100కి వెళ్లండి, ఒక స్టాప్ పోతుంది, ఈ కెమెరాలో ఆ ఒక్క స్టాప్ పోయినా బాధ లేదు.