మూడు పేజీల పేపర్‌తో మొదలై పదిహేనేళ్లుగా: జర్నల్ ఆఫ్ ఫిజికల్ కెమిస్ట్రీ

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో మా సార్ నన్ను నీటి మీద కంప్యూటర్ సిమ్యులేషన్ (అణువుల కదలికను లెక్కలతో అనుకరించడం) చేయమన్నారు. ముందు ఈ జర్నల్లో 1987లో వచ్చిన ఎస్‌పీసీ/ఈ అనే నీటి మోడల్ (అణువు ఆకారం, చార్జీలు ఎంతో చెప్పే అంకెలు) పేపర్ చదువుకుని రమ్మన్నారు. బెరెండ్‌సెన్, గ్రిగెరా, స్ట్రాట్‌స్మా రాశారు. తీసి చూస్తే మొత్తం మూడే పేజీలు! ద్రవంలో ఉన్న నీటి అణువును పక్క అణువులు పోలరైజ్ చేస్తాయి, అంటే దానిలోని ప్లస్, మైనస్ చార్జీలను ఇంకాస్త ఎడం చేస్తాయి. దానికి కొంత ఎనర్జీ ఖర్చవుతుంది. పాత మోడళ్లు ఆ ఖర్చును లెక్కలో వేయలేదు. వీళ్లు ఆ ఒక్క టర్మ్ కలిపి పరమాణువుల మీది విద్యుత్ చార్జీలు సవరించారు (ఎలక్ట్రాన్ చార్జీ లెక్కలో): ఆక్సిజన్ మీద -0.8476, ఒక్కో హైడ్రోజన్ మీద 0.4238. ఆ అంకెలే టైప్ చేసి రన్ పెట్టాను. తెల్లారి చూస్తే సాంద్రత ఘన సెంటీమీటరుకు 1 గ్రాముకి దగ్గరగా వచ్చింది. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

1896లో కార్నెల్‌లో వైల్డర్ బాంక్రాఫ్ట్ మొదలుపెట్టిన పత్రిక ఇది. 1997లో ఏ, బీ అని రెండైంది, 2007లో సీ, 2010లో లెటర్స్ వచ్చాయి. నేను ఎక్కువగా చదివేది బీ. ద్రవాలు, ప్రొటీన్లు, పాలిమర్లు అందులోనే ఉంటాయి. కైనెటిక్స్, స్పెక్ట్రోస్కోపీకి ఏ చూస్తాను. ఉపరితలాలు, బ్యాటరీల సంగతులుండే సీలో మాత్రం పేపర్లు చాలా ఎక్కువ, ఓపిగ్గా ఏరుకోవాలి.

కొత్తగా చదివేవాళ్లకు నా మాట: సారాంశం తర్వాత నేరుగా సపోర్టింగ్ ఇన్ఫర్మేషన్ (పేపర్‌తో పాటు ఇచ్చే అదనపు వివరాల ఫైల్) తెరవండి. కటాఫ్ (ఎంత దూరం వరకు అణువుల బలాలు లెక్కించారో) ఎంత, టైమ్ స్టెప్ (ఒక్కో అడుగులో ఎంత కాలం కదిలించారో) ఎంత, ఏ నీటి మోడల్ వాడారు అన్నవి అక్కడ స్పష్టంగా ఉంటే ఆ పేపర్‌తో మీరు పని చేసుకోగలరు. లేకపోతే ముగింపు ఎంత బాగున్నా నేను పక్కన పెట్టేస్తాను. పాతవి కదా అని వెనకటి సంచికలను వదలకండి. అణువుల ఎనర్జీ లెక్కలకు బీ3ఎల్‌వైపీ అనే క్వాంటమ్ పద్ధతి వాడే ప్రతివాళ్లూ చూపించే 1994 పేపర్ కూడా ఇందులోదే.

ప్రభుత్వ కాలేజీలో ఉద్యోగం వచ్చాక చందా లేక ఒక్కో పీడీఎఫ్ కోసం పాత స్నేహితులను అడగాల్సి వచ్చేది. 2025 జనవరిలో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ కలిపి కేంద్రం కట్టే జర్నళ్ల చందా) మొదలయ్యాక ఆ టెన్షన్ పోయింది. ఇప్పుడు మా విద్యార్థులు వాళ్లంతట వాళ్లే తెరుచుకుంటున్నారు.

మొన్న ఎమ్మెస్సీ వాళ్లకు ఆ మూడు పేజీలే ఇచ్చాను. "వాయువులో నీటి డైపోల్ 1.85 డిబై కదా మేడమ్, ఈ మోడల్లో ఎంత?" అని ఒకమ్మాయి అడిగింది. డైపోల్ అంటే అణువులో ప్లస్, మైనస్ చార్జీలు ఎంత ఎడంగా ఉన్నాయో చెప్పే కొలత, డిబై దాని యూనిట్. ఆ చార్జీలు, 1 ఆంగ్‌స్ట్రామ్ బంధం, 109.47 డిగ్రీల కోణం తీసుకుని బోర్డు మీద తనే లెక్క వేసింది. 2.35 వచ్చింది.