సవానా సినిమా పండక్కి నాన్నతో వెళ్లొచ్చాం

అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్లకి సవానా అంటే టైబీ బీచ్‌కి వెళ్తూ ఒక పూట ఆగే ఊరు. మేమూ రెండుసార్లు అలాగే ఆగాం, నది ఒడ్డున నాలుగు ఫోటోలు తీసుకుని బీచ్‌కి వెళ్లిపోయాం. ఈసారి అక్టోబర్ చివర్లో మూడు రోజులూ ఊళ్లోనే తిరిగాం, బీచ్ వైపు వెళ్లనే లేదు. కారణం అక్కడి కాలేజీ ఏటా జరిపే సినిమా పండగ.

సవానా కాలేజ్ ఆఫ్ ఆర్ట్ అండ్ డిజైన్‌ని అందరూ స్కాడ్ అంటారు. 1978లో పెట్టిన కాలేజీ, 1998 నుంచి ఫిల్మ్ ఫెస్టివల్ నడుపుతోంది. అమెరికాలో ఒక యూనివర్సిటీ నడిపే సినిమా ఉత్సవాల్లో ఇదే అన్నిటికంటే పెద్దదని పేరు. ఎనిమిది రోజులు జరుగుతుంది. ఆస్కార్‌కి పోటీ పడబోయే పెద్ద సినిమాలు ఒక హాల్లో వేస్తుంటే, పక్క హాల్లో ఇంకా చదువుకుంటున్న పిల్లలు తీసిన పది పదిహేను నిమిషాల సినిమాలు వేస్తుంటారు. కాలేజీవాళ్లకే కాదు, టికెట్ కొనుక్కుంటే ఎవరైనా వెళ్లొచ్చు. ఈ సంగతి నాకు చాలా ఏళ్లు తెలియనే తెలియదు.

నాన్న ఆర్నెల్లు ఉండటానికి వచ్చారు. బెజవాడలో చదువుకునే రోజుల్లో నవరంగ్ హాల్లో ఇంగ్లీషు సినిమా మారినప్పుడల్లా వెళ్లిన మనిషి, ఇక్కడికొచ్చాక పొద్దస్తమానం టీవీ ముందు కూర్చోవాల్సి వస్తోందని ఆయనకి లోపల బాధగానే ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, "నేను రాలేను, మీరు వెళ్లిరండి" అని మా చిన్నదాన్ని కూడా తన దగ్గరే ఉంచుకుంది. అలా మా ఆయన, నేను, నాన్న శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం.

దారి గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. మేకన్ అనే ఊరి దాకా ఐ-75 హైవే, అక్కణ్ణుంచి ఐ-16. ఐ-16 మీద రెండు వైపులా పైన్ చెట్లు తప్ప ఏమీ కనపడవు, అందుకని మేకన్‌లోనే పెట్రోల్ కొట్టించుకుని, పెద్దవాళ్లుంటే బాత్రూమ్ కూడా అక్కడే చూసుకుని కదలండి. పులిహోర డబ్బా కారులోనే ఖాళీ అయింది.

బస గురించి మాత్రం వివరంగా చెప్తాను, ఎందుకంటే మేము రెండు రాత్రులు రెండు రకాలుగా ఉండి చూశాం. మొదటి రాత్రి పూలర్‌లో. ఊరికి పడమర, ఎయిర్‌పోర్ట్ దగ్గర, ఐ-95 పక్కన చెయిన్ హోటళ్లన్నీ అక్కడే ఉంటాయి. గది శుభ్రంగా ఉంది, పార్కింగ్ ఫ్రీ, పొద్దున టిఫిన్ ఇచ్చారు, ఊళ్లో రేటుతో పోలిస్తే సగం కూడా కాలేదు. కానీ రాత్రి సినిమా అయ్యేసరికి పది దాటింది, అప్పుడు పార్కింగ్ గరాజ్ దాకా నడిచి, కారు తీసి, ఇరవై నిమిషాల పైన డ్రైవ్ చేసి గదికి చేరేసరికి నాన్న కారులోనే నిద్రపోయారు. పైగా పొద్దున ఒక సినిమాకీ సాయంత్రం ఇంకో సినిమాకీ మధ్య కాసేపు నడుం వాల్చడానికి చోటు లేదు. ఫెస్టివల్‌కి వెళ్లేవాళ్లకి అది పెద్ద లోటే.

రెండో రాత్రి పాత ఊళ్లో, ఒక పాతకాలం ఇంటిని హోటల్‌గా మార్చిన చోట తీసుకున్నాం. ఇల్లు ఎంత అందంగా ఉందంటే, చెక్క మెట్లు, ఎత్తైన కిటికీలు, వాకిట్లో గ్యాస్ దీపం. ఫోన్ చేసి మరీ అడిగాను, మా నాన్నగారికి డెబ్భై ఒకటి, కింద గది కావాలి అని. సరేనన్నారు. తీరా వెళ్తే ఇచ్చింది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, కింద గదులన్నీ నిండిపోయాయన్నారు. "పర్లేదమ్మా, మెల్లగా ఎక్కుతాలే" అని నాన్న అన్నారు గానీ, మధ్యలో రెండుసార్లు ఆగి మెట్ల రెయిలింగ్ పట్టుకుని ఊపిరి తీసుకోవడం చూస్తే నాకు కోపం ఆగలేదు. పార్కింగ్‌కి, ఇంకేదో ఫీజుకి వేరే కట్టించుకున్నారు. అయినా మళ్లీ వెళ్తే నేను పాత ఊళ్లోనే ఉంటాను. కాకపోతే లిఫ్ట్ ఉన్న హోటల్ చూసుకుంటాను, గది ఏ అంతస్తులో ఇస్తారో మెయిల్‌లో రాయించుకుంటాను. ఆ పాతకాలం ఇళ్లు కుర్ర జంటలకి బాగుంటాయి, అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లు అందానికి పడిపోకండి.

పాత ఊళ్లోనే ఉండమని ఎందుకంటున్నానంటే, ఇది నడిచే ఊరు. 1733లో ఓగిల్‌థార్ప్ అనే ఆయన ఈ ఊరికి గళ్ల నోటుబుక్కులా ప్లాన్ గీశాడు. నాలుగు వీధులు నడిస్తే ఒక చిన్న పార్కు వస్తుంది, వాటిని స్క్వేర్లు అంటారు. మొత్తం 24 ఉండేవి, ఇప్పుడు 22 ఉన్నాయి. దాదాపు ప్రతి దాంట్లో బెంచీలు, నడినెత్తిన పెద్ద పెద్ద ఓక్ చెట్లు, వాటి కొమ్మల నుంచి బూడిదరంగు జడల్లా వేలాడే స్పానిష్ మాస్. పేరుకి మాస్ గానీ అది నాచు కాదు, అనాస కుటుంబానికి చెందిన మొక్క, చెట్టు నుంచి ఏమీ లాక్కోదు, గాలిలో తేమతో, వాన నీటితో బతుకుతుంది. నాన్న కింద పడిన ఒక పోగు తీసి వేళ్ల మధ్య నలిపి చూసి, "కొబ్బరి పీచులా ఉందే" అన్నారు. ఒక్కో స్క్వేర్‌లో ఐదు నిమిషాలు కూర్చుంటూ వెళ్తే పెద్దవాళ్లు కూడా ఊరంతా తిరిగేయొచ్చు. అలసిపోతే డాట్ అనే ఉచిత బస్సు ఉంది, నది దాటడానికి ఉచిత ఫెర్రీ కూడా ఉంది. రెండూ ఎక్కాం, రెండూ బాగున్నాయి.

చిప్పెవా స్క్వేర్‌లో ఫారెస్ట్ గంప్ సినిమా బెంచీ కోసం వెతికేవాళ్లు రోజంతా కనపడతారు. ఆ బెంచీ షూటింగ్ కోసం పెట్టింది, అక్కడ లేదు, ఊళ్లోనే హిస్టరీ మ్యూజియంలో ఉంది. దానికోసం టైమ్ పెట్టుకోకండి.

ఇక థియేటర్లు. నన్నడిగితే ఈ పండక్కి వెళ్లాల్సింది వీటి కోసమే. ట్రస్టీస్ థియేటర్ బ్రాటన్ స్ట్రీట్‌లో ఉంది, 1946లో కట్టిన హాలు. అక్కణ్ణుంచి రెండు నిమిషాలు నడిస్తే లూకస్ థియేటర్, 1921 నాటిది. 1976లో మూతబడింది. పాడుబడి పోవాల్సిన దాన్ని ఊరివాళ్లు పట్టుదలగా డబ్బు పోగు చేసి, బాగు చేయించి 2000లో మళ్లీ తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే తల పైకెత్తండి. పైన గుండ్రటి డోమ్, అంచుల చుట్టూ పూల చెక్కడాలు, కనపడని దీపాల నుంచి వచ్చే లేత పసుపు వెలుగు. నాన్న సీట్లో కూర్చోకుండా నడవాలోనే నిలబడిపోయి చూస్తున్నారు. టికెట్ చూసి సీటు చూపించే స్టూడెంట్ కుర్రాడు ఆయన్ని తొందరపెట్టలేదు, వెనకాల వచ్చేవాళ్లని పక్క నుంచి పంపించి, నాన్న చూడటం అయ్యాకే చెయ్యి అందించి కూర్చోబెట్టాడు. ఆ పిల్లాడి ఓపిక నేను మర్చిపోలేను.

"ఏ సంవత్సరం అన్నావ్?" అని అడిగారు నాన్న.

"1921 నాన్నా."

"మన మారుతీ కూడా అదే సంవత్సరం."

నిజమే. పోతిన శ్రీనివాసరావుగారు బెజవాడలో మారుతీ సినిమా హాలు కట్టింది 1921లో, ఆంధ్రలో మొదటి హాలు అదేనని మనవాళ్లు చెప్పుకుంటారు. సముద్రానికి ఆ పక్కా ఈ పక్కా ఒకే ఏడాది రెండు ఊళ్లలో జనం మూకీ సినిమాలకి టికెట్ కొనుక్కుని వెళ్లారన్నమాట. దీపాలు ఆరేదాకా నాన్న తను చూసిన హాళ్ల పేర్లన్నీ చెప్తూనే ఉన్నారు, ఏది కల్యాణమండపం అయింది, ఏది షాపింగ్ కాంప్లెక్స్ అయింది, అన్నీ. నేను అప్పటిదాకా ఆ లెక్క ఎప్పుడూ ఆయన్ని అడగలేదు.

ఈ ఊరు కూడా ఊరికే మిగల్లేదు. 1954లో ఇక్కడ పాత సిటీ మార్కెట్‌ని కూలగొట్టి ఆ స్క్వేర్‌లో పార్కింగ్ గరాజ్ కట్టారు. మరుసటి ఏడాది డావెన్‌పోర్ట్ హౌస్ అనే ఇల్లు కూడా పోబోతుంటే ఏడుగురు ఆడవాళ్లు కలిసి డబ్బు పోగు చేసి దాన్ని కొనేశారు, అక్కణ్ణుంచి ఒక్కో ఇల్లు కాపాడుకుంటూ వచ్చారు. ఆ గరాజ్‌ని కూడా తర్వాత తీసేసి, పార్కింగ్‌ని భూమి కిందకి పంపి, 2010లో పైన మళ్లీ స్క్వేర్ తెరిచారు. మేం కారు పెట్టుకుంది దాని కిందే! కాలేజీ కూడా కొత్త క్యాంపస్ కట్టుకోకుండా ఎక్కువగా పాత భవనాలే తీసుకుంది. మొదటిది ఒక పాత ఆయుధశాల, లైబ్రరీ ఒకప్పటి డిపార్ట్‌మెంట్ స్టోర్, మ్యూజియం పాత రైల్వే కంపెనీ కట్టడం.

ఆ మ్యూజియం హాల్లోనే శనివారం మధ్యాహ్నం షార్ట్ ఫిల్ములు చూశాం. పెద్ద సినిమాల కంటే ఇవే నాకు నచ్చాయి. ఒక అబ్బాయి రొయ్యల పడవ నడిపే తన తాత మీద తీశాడు, మాటలు చాలా తక్కువ, ఆ ముసలాయన వల కుట్టుకుంటూ ఉంటాడు, అంతే. సినిమా అయ్యాక తీసినవాళ్లు ముందుకొచ్చి నిలబడితే ప్రేక్షకులు ప్రశ్నలు అడుగుతారు. నాన్న నా మోచెయ్యి తట్టి, "ఆ పడవ ఇప్పుడు ఎక్కడుందో అడుగు" అన్నారు. అడిగాను. అమ్మేశామని, అమ్మేముందు వారం రోజుల్లో గబగబా తీసిందే ఈ సినిమా అని ఆ అబ్బాయి చెప్పాడు. అప్పటిదాకా కెమెరా ఏది, లెన్స్ ఏది అని అడుగుతున్నవాళ్లు కూడా కాసేపు మాట్లాడలేదు. తర్వాత బయట ఆ అబ్బాయి వెతుక్కుంటూ వచ్చి నాన్నకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

టికెట్ల విషయంలో నేను చెప్పేది ఇది: తారలు వచ్చే సాయంత్రం షోలకి పోటీ ఎక్కువ, షెడ్యూల్ ప్రకటించిన రోజే చూసుకోవాలి. దొరకలేదని టెన్షన్ పడకండి, పగలు వేసే డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ములు, చర్చలు తీసుకోండి, వాటిలోనే తీసినవాళ్లతో దగ్గరగా మాట్లాడొచ్చు. అరగంట ముందే వెళ్లండి. రోజుకి రెండు చాలు, మేము మొదటి రోజు మూడు పెట్టుకుంటే మూడోది ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఏసీ గట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకి స్వెటర్ తప్పదు.

తిండి గురించి శాకాహారులకి ఒక జాగ్రత్త. ఈ ప్రాంతం వంటల్లో కూరగాయలు చాలానే ఉంటాయి, బెండకాయ వేపుడు, పచ్చి టమాటా వేపుడు, మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్, అన్నీ మన నోటికి పడతాయి. కానీ కాలర్డ్ ఆకుకూరని చాలాచోట్ల పంది మాంసంతో ఉడికిస్తారు, ఎర్రగా ఉండే టమాటా అన్నంలో సాసేజ్ వేస్తారు. ఒక హోటల్లో వెజిటేరియనే అని చెప్పి తెచ్చిపెట్టాక ఆకుకూర అడుగున ముక్క కనిపించింది, నాన్న ప్లేటు పక్కకి నెట్టేసి ఆ పూట బ్రెడ్డుతో సరిపెట్టుకున్నారు. "మాంసం లేదా" అని కాదు, "దేంతో ఉడికించారు" అని అడగండి. ఐస్‌క్రీమ్‌కి మాత్రం ట్రస్టీస్ పక్కనే ఉన్న లియోపోల్డ్స్‌కి వెళ్లండి, 1919 నాటి కొట్టు, యజమాని హాలీవుడ్‌లో సినిమా నిర్మాణంలో పనిచేసినాయన, గోడల నిండా సినిమా సామాను. లైను వీధి దాకా ఉంటుంది, అయినా గబగబా కదులుతుంది. టుట్టీ ఫ్రూటీ తీసుకోండి.

నది ఒడ్డున రివర్ స్ట్రీట్ రాళ్ల రోడ్డు. ఒకప్పుడు ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చిన రాళ్లే పరిచారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం, మంచి బూట్లు ఉండాల్సిందే. అక్కడే ఒక విగ్రహం ఉంది, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల జ్ఞాపకంగా 2002లో పెట్టారు. నలుగురున్న కుటుంబం, కాళ్ల దగ్గర తెగిన సంకెళ్లు. ఈ ఊరి అందమైన ఇళ్ల వెనకాల పత్తి డబ్బు, ఆ డబ్బు వెనకాల ఈ మనుషులు. దయ్యాల టూర్లు అమ్మేవాళ్లు వీధి వీధికీ ఉన్నారు గానీ, ఉన్న టైమ్ ఇక్కడ గడపండి.

ఆదివారం బయల్దేరేముందు నాన్న లూకస్ డోమ్ ఫోటో బెజవాడలో ఉన్న తన స్నేహితుడికి పంపించారు. అక్కడ రాత్రి అయిపోయింది, అయినా వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది: "ఒరేయ్, బాల్కనీ ఉందా? నేల టికెట్టా?" నాన్న దాన్ని కారులో మేకన్ వచ్చేలోపు మాకు నాలుగుసార్లు వినిపించారు.

ఆయన జనవరిలో వెళ్లిపోతున్నారు. మళ్లీ అక్టోబర్‌కి అమ్మని కూడా తీసుకుని రమ్మన్నాం. బ్రాటన్ స్ట్రీట్‌కి దగ్గర్లో లిఫ్ట్ ఉన్న హోటళ్లు రెండు చూసి పెట్టుకున్నాను, షెడ్యూల్ రాగానే గది బుక్ చేస్తాను.