పాకాలకు పెక్టోరల్ కోసం పోతే

మిత్రుడు పంపిన ఫొటో మసకగా ఉంది. వరంగల్ జిల్లా పాకాల చెరువు శిఖంలో, బురద మీద ఒక ఉల్లంకి పిట్ట. రొమ్ము నిండా చారలు. "పెక్టోరల్ శాండ్‌పైపర్ లాగుంది అన్నా" అన్నాడు. సైబీరియా, అలాస్కా టండ్రాల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణ అమెరికా పోయే పిట్ట అది. దారి తప్పితే తప్ప మన దేశానికి రాదు. శనివారం మధ్యాహ్నమే బస్సెక్కా.

రాత్రికి వరంగల్‌లో ఉండొద్దు. అక్కడి నుంచి 50 కిలోమీటర్ల దాకా ఉంటుంది, చేరేసరికి ఎండెక్కుతుంది. నర్సంపేట నుంచైతే 12 కిలోమీటర్లే. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు అడగ్గానే ఇచ్చారు. పక్కనే ఫంక్షన్ హాలుందని మాత్రం చెప్పలేదు. బరాత్ డీజే ఒంటిగంట దాటినా ఆగలేదు. పెక్టోరల్ మగపిట్టలు జతకట్టే రోజుల్లో దాదాపు నిద్రపోవట, 19 రోజులపాటు 95 శాతం సమయం మేలుకునే ఉన్న పిట్టను 2012లో లెక్కగట్టారు. వాటికైతే ఒక కారణం ఉంది!

ఆటో ముందురోజే మాట్లాడుకోండి, వెయిటింగ్‌తో కలిపి. హోటళ్లు తెరవకముందే బయల్దేరాలి కాబట్టి టిఫిన్ ఆశ వదులుకోండి, అరటిపండ్లు చాలు.

గణపతిదేవుడి కాలం నాటి కట్ట మీద నిలబడితే చెరువు, గుట్టలు కన్నుల పండుగే. కానీ పిట్టలు చుక్కల్లా కనిపిస్తాయి. నీళ్లు తగ్గిన వైపు, బర్రెలు దిగే చోటికి నడవాలి. బర్రె గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచి, వాటి అంచునే స్టింట్లు, వుడ్ శాండ్‌పైపర్లు లాంటి చిన్న ఉల్లంకులు పొడుచుకుంటూ తిరుగుతున్నాయి. వాటి మధ్య మా పిట్ట!

గుండె ఝల్లుమంది. స్కోప్ (స్టాండు మీద పెట్టి చూసే దుర్భిణి) పెట్టి చూశా. పెక్టోరల్‌కు రొమ్ము మీది చారలు గీత గీసినట్టు ఒక్కచోట ఆగిపోయి, కింద తెల్లటి పొట్ట మొదలవుతుంది. దీనికి ఆ గీత లేదు, రంగు మెల్లగా కరిగిపోయింది. మెడ పొడుగు, తల చిన్నది. ఇంతలో ఒక బర్రె దగ్గరికొస్తే ఎగిరింది, తోకకు రెండు పక్కలా పెద్ద తెల్లటి మచ్చలు. రఫ్ అనే ఇంకో రకం ఉల్లంకి, ఆడది. ఏటా చలికాలం వచ్చేదే.

లక్నవరం చెరువు కూడా చూసి రమ్మన్నారు గానీ, వేలాడే వంతెన మీది జనంలో స్కోప్ ఎక్కడ నిలబెట్టాలి? తిన్నగా ఇంటికొచ్చేశా. మిత్రుడికి ఫోన్ చేస్తే, "నేను తీసింది అది కాదన్నా, ఇంకోటి" అంటున్నాడు.