ఒక్క చుక్క, 1,801 క్వెరీలు: లింక్‌తో నా తొమ్మిదేళ్లు

లింక్ (LINQ) అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నల్ని, అదే క్వెరీలని, సీ షార్ప్ ప్రోగ్రామింగ్ భాషలోనే రాసుకునే పద్ధతి. అది ఎలా రాయాలో చెప్పను, అందరికీ తెలిసిందే. చుక్క మీద నాకో కోపం ఉంది, అది చెప్పుకోవాలి.

మాది బరంపురం. ఇక్కడి దుకాణాల ఖాతాల్లో పేర్లు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. డేటాబేస్ సొంత భాష ఎస్‌క్యూఎల్‌ని ముక్కలు ముక్కలుగా అతికించి రాసే రోజుల్లో, కొటేషన్ ముందు ‘ఎన్’ (లోపలివి యూనికోడ్ అక్షరాలని చెప్పే గుర్తు) పెట్టడం ఒక్కచోట మరిచినా పేరంతా ప్రశ్న గుర్తులయ్యేది. లింక్‌కి మారాక ఆ గొడవ లేదు. కాలమ్ పేరు తప్పు రాస్తే కంపైల్ దగ్గరే, అంటే ప్రోగ్రాం నడవకముందే, ఎర్రగీత. ఇంతకన్నా సుఖం లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పాను.

తర్వాత ఒక బియ్యం షావుకారు పర్లాకిమిడిలో బ్రాంచి తెరిచారు. డేటాబేస్ బరంపురంలోనే ఉంటుంది, అక్కడివాళ్లు నెట్ మీద వాడుకోవాలి. మొదటిరోజే ఫోను. “ఏటి బాబూ, బాకీల లిస్టు నొక్కి టీ తాగొచ్చీసాను, ఇంకా తిరుగుతానే ఉంది!” నా దగ్గర నొక్కగానే వచ్చే లిస్టు అది. నెట్‌ని తిట్టాను. రౌటర్ మార్పించాను (ఆ డబ్బులు ఇప్పటికీ గుచ్చుకుంటున్నాయి). మూడోరోజు ప్రొఫైలర్ (డేటాబేస్‌కి వెళ్లే ప్రతి క్వెరీనీ చూపించే పనిముట్టు) తెరిచాక తెలిసింది. ఖాతాలు తేవడానికి క్వెరీ ఒకటే. లూప్‌లో మాత్రం ‘ఖాతా, చుక్క, బిల్లులు’ అని రాసుకున్నాను. లేజీ లోడింగ్, అంటే అడిగినప్పుడే డేటా తెచ్చే ఏర్పాటు, ఆ చుక్క దగ్గర ప్రతి ఖాతాకీ డేటాబేస్ దాకా వెళ్లొస్తోంది. 1,800 ఖాతాలకి 1,801 క్వెరీలు. ఒక్కో రాకపోకకి 60 మిల్లీసెకన్లు వేసుకున్నా 108 సెకన్లు. బరంపురంలో సర్వర్ పక్కగదిలోనే ఉంది గనక ఇన్నాళ్లూ బయటపడలేదు. పాత పద్ధతిలో అయితే లూప్‌లో క్వెరీ రాయబోతే నా చెయ్యే ఆగేది. ఇక్కడ అది మామూలు ప్రాపర్టీలాగే, అప్పటికే చేతిలో ఉన్న విలువలాగే, కనబడుతుంది, అదీ నా కోపం.

‘ఇన్‌క్లూడ్’ అని ఒక్కమాట చేర్చగానే బిల్లులు ఖాతాలతో కలిసే వచ్చి, దారిలో పడింది. తర్వాత బాకీని సెలెక్ట్‌లోనే, అంటే డేటాబేస్ దగ్గరే, కూడించి, బిల్లులు తేవడమే మానేశాను. లింక్‌ని ఎస్‌క్యూఎల్‌గా మార్చి డేటాబేస్‌కి పంపేది ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్, నాది 6. దాని తర్వాత వచ్చిన కోర్‌లో అయితే లేజీ లోడింగ్ మనం కావాలని పెట్టుకుంటేనే వస్తుంది.

అన్నట్టు, ప్రశ్న గుర్తులు పోవడం లింక్ గొప్పేం కాదు, పారామీటర్ల (విలువల్ని క్వెరీలో అతికించకుండా విడిగా పంపడం) పుణ్యం. అవి పాత కోడ్‌లోనే వాడుంటే అప్పుడే పోయేవి. ఇక కంపైలర్ చూసేది కోడ్‌లో టేబుళ్లకి నమూనాగా నేను రాసుకున్న క్లాసులనే. డేటాబేస్‌లో ఎవరైనా నేరుగా కాలమ్ మార్చేస్తే దానికేం తెలుస్తుంది?

ఒక్కణ్ణే రాసుకుని ఒక్కణ్ణే బాగుచేసుకునేవాణ్ణి, అందుకని నేనైతే లింక్‌ని వదలను. సర్వర్ దూరంగా ఉన్నవాళ్లు, నలుగురు కలిసి రాసేవాళ్లు మాత్రం ప్రొఫైలర్ పక్కన పెట్టుకునే మొదలెట్టండి. పర్లాకిమిడి షావుకారుగారు ఇప్పటికీ లిస్టు నొక్కి టీకి వెళ్తున్నారు. అలవాటైపోయిందట.